మూడు విజిల్స్ అంటే ఎంత?

కందిపప్పు ఎంతసేపు ఉడకాలి అని ఎవర్నైనా అడిగి చూడండి. తెలుగుదేశంలో (పార్టీ కాదు, దేశమే) దీనికి నిమిషాల్లో జవాబు చెప్పినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. "మూడు విజిల్స్" అంటారు. అన్నానికి? "రెండు." శనగలకి? "అయిదారు రానివ్వు." బంగాళాదుంపలకైతే "రెండొచ్చాక చూసుకో" అంటారు. మూత బిగించి ఉన్న గిన్నెలోకి ఎలా చూసుకోవాలో మాత్రం చెప్పరు.

విజిల్ అనేది కొలత కాదు. దాన్ని కొలతగా వాడటం వల్ల పప్పు పాడవుతోంది, గ్యాస్ దండగవుతోంది, అన్నిటికీ మించి ఏదో ఒకరోజు ఎవరి చేతులో కాలుతున్నాయి. ఈ గోలంతా అది చెప్పడానికే. "సాఫ్ట్‌వేర్ వాడివి, కుక్కర్ మీద నీకెందుకు ఇంత పట్టుదల" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మొదటిది, మా ముగ్గురు రూమ్మేట్ల ఫ్లాట్‌లో వంట నాదే. రెండోది, నేను చదివింది ఇంజనీరింగు. థర్మోడైనమిక్స్‌లో స్టీమ్ టేబుల్స్ బట్టీ కొట్టి పాసైన వాళ్ళం మనం లక్షల్లో ఉన్నాం. ఆ టేబుల్స్‌ని జీవితంలో ఒక్కసారైనా వాడే అవకాశం వంటింట్లోనే ఉంది, అక్కడ మాత్రం వాడం.

అసలు విజిల్ ఎందుకు వస్తుందో చూద్దాం. మూత మీద సన్నటి గొట్టం, దాని మీద ఒక వెయిట్. లోపల ఆవిరి పోగయ్యేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం బెజ్జం వైశాల్యాన్ని ఆ ఒత్తిడితో గుణిస్తే వచ్చే బలం, వెయిట్ బరువుని దాటగానే వెయిట్ లేస్తుంది. ఆవిరి బయటికి తన్నుకొస్తుంది, ఒత్తిడి కాస్త దిగుతుంది, వెయిట్ మళ్ళీ కూర్చుంటుంది. అంతే. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన లండన్‌లో ఎముకల్ని మెత్తబరిచే పాత్ర ఒకటి తయారుచేశాడు. అది పేలిపోకుండా మూతకి ఒక కవాటం పెట్టి, దాన్ని ఒక కాడతో అదిమి, ఆ కాడకి బరువు వేలాడదీశాడు. 1682లో రాయల్ సొసైటీ పెద్దమనుషులకి ఆ పాత్రలో వండి విందు కూడా పెట్టాడు. మూడొందల నలభై ఏళ్ళు దాటాయి, మన వెయిట్ వెనక సూత్రం ఇంకా అదే. మీరే ఆలోచించండి, ఆయన ఆ బరువు పెట్టింది వంట అయిందో లేదో తెలుసుకోవడానికి కాదు, పాత్ర పేలకుండా ఉండటానికి.

అంటే విజిల్ ఏం చెబుతోందన్నమాట? "నాకు కావాల్సిన ఒత్తిడి వచ్చేసింది, ఇక చాలు, నువ్విచ్చే వేడి ఎక్కువైంది, పారబోస్తున్నా" అంటోంది. మన భాషలో చెప్పాలంటే అది ఒక వార్నింగు మెసేజీ. మనం ఆ వార్నింగుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టి, మూడు వచ్చాయి కాబట్టి పని పూర్తయింది అంటున్నాం. ఆఫీసులో ఎవరైనా "లాగ్‌లో మూడు ఎర్రర్లు పడ్డాయి, కాబట్టి జాబ్ సక్సెస్" అంటే ఏమంటాం?

ఇక కొలత సంగతి. మన దగ్గర ఇళ్ళలో వాడే కుక్కర్లు సుమారుగా చదరపు సెంటీమీటరుకి 1 కిలో ఒత్తిడి మీద పనిచేస్తాయి. బయట వాతావరణం ఎలాగూ నొక్కుతూ ఉంటుంది, దాని మీద ఇది అదనం. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పప్పు తొందరగా ఉడికేది ఆ ఇరవై డిగ్రీల వల్ల. వెయిట్ లేవడం మొదలయ్యాక ఇంకెంత మంట పెట్టినా లోపలి వేడి 120 దాటదు, దాటనివ్వకుండా ఆపడమే వెయిట్ ఉద్యోగం. మంట పెంచితే వేడి పెరగదు, విజిల్స్ పెరుగుతాయి. పప్పుకి తెలిసిందల్లా ఎంత వేడిలో ఎంతసేపు ఉంది అనేదే. పైన ఎన్నిసార్లు కూత పడిందో దానికి తెలీదు.

నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం చేసి చూడండి. అదే కుక్కర్, అదే గ్లాసుడు పప్పు, అవే నీళ్ళు. ఒకసారి పెద్ద బర్నర్ మీద ఫుల్లులో పెట్టి మొదటి విజిల్‌కీ మూడో విజిల్‌కీ మధ్య ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. ఇంకోసారి మొదటి విజిల్ రాగానే చిన్న బర్నర్ మీదకి మార్చి సిమ్‌లో పెట్టి చూడండి. మొదటిసారి చూస్తుండగానే మూడూ అయిపోతాయి. రెండోసారి పప్పు శుభ్రంగా ఉడికిపోయినా రెండో విజిల్ రాకపోవచ్చు. "మూడు విజిల్స్" అనేది రెండు నిమిషాలూ కావచ్చు, పావుగంటా కావచ్చు. పైగా కుక్కర్ సైజు మారితే మారుతుంది, లోపల ఖాళీ ఎంతుందో దాన్నిబట్టి మారుతుంది, రబ్బరు పాతబడితే మారుతుంది. ఇలా పూటకో రకంగా సాగే స్కేలుతో బట్ట కొలిచి ఇస్తే మీరు చొక్కా కుట్టించుకుంటారా?

ఇక్కడ అందరూ ఎత్తే అభ్యంతరం ఒకటుంది. "మా అమ్మ ముప్పై ఏళ్ళ నుంచీ విజిల్స్ లెక్కపెట్టే వండుతోంది, ఒక్కరోజు తేడా రాలేదు." నిజమే. మా అమ్మా అంతే. కానీ వాళ్ళు చేసేది లెక్కపెట్టడం అని ఎవరు చెప్పారు? ఆ స్టవ్ అదే, ఆ కుక్కర్ అదే, బియ్యం కొలిచే సోల అదే, కందిపప్పు అదే కొట్టు నుంచి వస్తుంది, నీళ్ళు అదే బావివి లేదా అదే కుళాయివి. ఇన్ని స్థిరంగా ఉన్నచోట విజిల్ కాదు, గోడ మీద బల్లి అరుపుల్ని లెక్కపెట్టినా పప్పు ఉడుకుతుంది. ఇంకో సంగతి, ఆవిడ మొదటి విజిల్ రాకముందే వెయిట్ దగ్గర బుసబుస వినే మంట తగ్గిస్తుంది. విజిల్ తేలిగ్గా వచ్చిందా బరువుగా వచ్చిందా అని వింటుంది. వాసన చూస్తుంది. ఈ సంగతులేవీ ఆవిడ ఫోన్‌లో మీకు చెప్పదు, ఎందుకంటే అవి చేస్తున్నట్టు ఆవిడకే తెలీదు. మీకు చెప్పేది "మూడు విజిల్స్ రానివ్వు నాన్నా" అనే. "మా మెషిన్‌లో బానే పనిచేస్తోందే" అని డెవలపర్ చెప్పినప్పుడు టెస్టర్‌కి కాలేది దేనికో మనకి బాగా తెలుసు. అదే మాట అమ్మ చెబితే ఆలోచించకుండా ప్రొడక్షన్‌లో పెట్టేస్తాం.

ఆ విజిల్స్ లెక్కని సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా వెళ్ళినవాళ్ళ అవస్థ ఇంకోటి. డెన్వర్ సముద్రమట్టానికి 1600 మీటర్ల పైన ఉంది. అక్కడ మామూలు గిన్నెలో నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కర్‌లో కూడా విజయవాడ కంటే సుమారు మూడు డిగ్రీలు తక్కువే. వెయిట్ అదే, కూత అదే, పప్పు మాత్రం పలుకు. ఆ పైన కాయిల్ స్టవ్. గ్యాస్ లాగా తగ్గించగానే తగ్గదు, సిమ్‌లో పెట్టినా కాసేపు విజిల్స్ కొడుతూనే ఉంటుంది. వాటినీ లెక్కలో వేసుకోవాలా వద్దా అన్నది తేల్చేవాడెవడు?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, కుక్కర్లు చేసేవాళ్ళు ఈ విజిల్స్ మతం పెట్టలేదు. హాకిన్స్ కుక్కర్‌తో వచ్చే వంటల పుస్తకం తీసి చూడండి. ఎక్కువ మంట మీద పూర్తి ఒత్తిడి రానివ్వు, మంట తగ్గించు, ఇన్ని నిమిషాలు ఉంచు అనే పద్ధతిలోనే ఉంటుంది. ఆ పుస్తకం మన ఇళ్ళలో అట్టపెట్టెతో సహా అటక మీద ఉంటుంది.

నిమిషాల పద్ధతి ఇంతే. మొదటి విజిల్ రాగానే స్టవ్ సిమ్‌లో పెట్టడం, అక్కణ్ణుంచి టైమర్ పెట్టడం. వెయిట్ దగ్గర సన్నగా బుస వస్తూ ఉంటే చాలు, అది ఒత్తిడి నిలిచి ఉందని గుర్తు. నేను వాడే లెక్కలు చెబుతా, ఇవి మా కుక్కర్‌వి, మీరు ఒకట్రెండు నిమిషాలు సర్దుకోండి. అరగంట నానిన కందిపప్పు నేరుగా కుక్కర్‌లో వేస్తే ఏడు నిమిషాలు. గిన్నెలో పెట్టి గిన్నె కుక్కర్‌లో పెడితే పది పన్నెండు, ఎందుకంటే అడుగు నీళ్ళ ఆవిరి వేడి గిన్నెని దాటుకుని లోపలికి వెళ్ళాలి. రాత్రంతా నానిన కాబూలీ శనగలు పదిహేను నిమిషాలు. నేరుగా వేసిన అన్నం అయిదు నిమిషాలు. ఆ తర్వాత స్టవ్ కట్టేసి దానంతట అదే దిగనివ్వాలి. ఆ దిగే పది నిమిషాల్లోనూ లోపల ఉడుకుతూనే ఉంటుంది, అదీ వంటలో భాగమే. అందుకే సగంలో వెయిట్ ఎత్తేసి "ఇంకా పలుకుగా ఉంది" అని ఏడిస్తే లాభం లేదు.

ఇంతా చేసి పప్పు ఉడకలేదా? అప్పుడు తప్పు ఇంకెక్కడో ఉంది. పప్పు బాగా పాతదై ఉండొచ్చు. చింతపండో టమాటానో ముందే వేసి ఉండొచ్చు, పులుపు ఉంటే గింజ మెత్తబడదు. హైదరాబాదులో మా వైపు అపార్టుమెంట్ల బోరు నీళ్ళు ఉప్పదనం సంగతి అలా ఉంచి, కాల్షియం నిండిన నీళ్ళు. వాటిలో పప్పు ఉడకమంటే మొండికేస్తుంది. తాగే నీళ్ళు పోసి చూడండి. నిమిషాల్లో కొలిచేవాడికి ఈ తేడాలు తెలుస్తాయి, ఎందుకంటే మిగతాదంతా స్థిరంగా ఉంది కాబట్టి. విజిల్స్ లెక్కించేవాడు మాత్రం "ఇంకో రెండు విజిల్స్ కొట్టించు" అంటాడు. వాడి దగ్గర ఉన్న మందు అదొక్కటే.

గ్యాస్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. ఒక గ్రాము నీటిని ఆవిరి చేయడానికి పట్టే వేడి, అదే గ్రాముని సున్నా నుంచి వంద డిగ్రీల దాకా వేడి చేయడానికి పట్టేదానికి అయిదు రెట్ల పైమాటే. ప్రతి కూతతో పోయేది ఆ ఖరీదైన ఆవిరే. ఒత్తిడి వచ్చాక కుక్కర్‌కి కావాల్సింది దాని గోడల నుంచి పోయే కాస్త వేడిని పూడ్చడమే, దానికి సిమ్ చాలు. మిగతాదంతా సిలిండర్ డబ్బులతో వంటింటి గోడకి ఆవిరి పట్టించడం.

పప్పు పాడైతే పోనీ, గ్యాస్ పోతే పోనీ. నాకు ఒళ్ళు మండేది ఇప్పుడు చెప్పబోయే విషయానికి.

విజిల్‌ని కొలతగా నమ్మినవాళ్ళు విజిల్ రాకపోతే ఏం చేస్తారు? ఎదురుచూస్తారు. ఇంకా రాకపోతే మంట పెంచుతారు. ఆలోచించండి, విజిల్ రాకపోవడానికి కారణాలు రెండు. ఒకటి, ఆవిరి ఇంకెక్కణ్ణుంచో కారిపోతోంది, అంటే రబ్బరు పోయింది. ఇది ఫరవాలేదు, మహా అయితే నీళ్ళు ఇగిరి మాడుతుంది. రెండోది, గొట్టం మూసుకుపోయింది. లోపల ఒత్తిడి పెరుగుతూనే ఉంది, చెప్పాల్సిన నోరు మూతపడింది. మనవాళ్ళు "ఇంకా రెండోది రాలేదేంటి" అని పక్కనే నిలబడి, కొందరైతే వంగి చెవి పెట్టి మరీ వింటారు. అలర్ట్ రాలేదు కాబట్టి సర్వర్ బాగానే ఉంది అనుకునేవాణ్ణి ఆఫీసులో ఏమంటారో చెప్పక్కర్లేదు. మానిటరింగే చచ్చిపోతే అలర్ట్ ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా?

ఇంకా దారుణం ఏమిటంటే ఆ గొట్టం మూసుకుపోయేది కూడా ఈ విజిల్స్ పిచ్చి వల్లే. పప్పు నురగ కడుతుంది. ఫుల్లు మంట మీద విజిల్ పడ్డ ప్రతిసారీ ఒత్తిడి ఒక్కసారిగా దిగుతుంది, లోపల నీళ్ళు భగ్గున పొంగుతాయి, నురగతో పాటు పప్పు పొట్టూ, టమాటా తొక్కా పైకి లేచి గొట్టంలో దూరతాయి. స్టవ్ మీద, వెనక టైల్స్ మీద పసుపు నీళ్ళు చిమ్మి ఉంటే గుర్తుపెట్టుకోండి, ఆ పప్పు గొట్టంలోంచే వచ్చింది. ఈసారి దాటింది, వచ్చేసారి ఇరుక్కోవచ్చు.

నిరుడు మా పక్క ఫ్లాట్‌లో జరిగింది ఇదే. పక్కింటి వదిన మూడో విజిల్ కోసం చూస్తోంది. రెండు వచ్చి ఆగిపోయాయి. ఐదు లీటర్ల కుక్కర్, ముప్పావు వంతు పప్పు, టమాటా, ఇంటికి చుట్టాలు. కాసేపటికి సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయింది. పప్పు సీలింగ్‌కి కొట్టింది, ఆవిడ మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. అదృష్టం కొద్దీ పిల్లాడు హాల్లో ఉన్నాడు. చప్పుడికి మేం పరిగెత్తుకెళ్ళేసరికి వాళ్ళాయన, పెద్ద కంపెనీలో పెద్ద లీడ్, ఆఫీసులో ఏ చిన్నది పగిలినా మూలకారణం మీద మూడు పేజీల రిపోర్టు రాయించే మనిషి, భార్య చెయ్యి కుళాయి కింద పెడుతూనే అన్న మొదటి మాట: "చూసుకోవాలి కదా నువ్వు." వాళ్ళత్తగారి తీర్పు: "పాతదై పోయిందిరా, కొత్తది కొనేద్దాం." అయిపోయింది విచారణ. ఆ గొట్టం విప్పి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి వెలుతురు కనపడలేదు. రబ్బరు గాజు గాజుగా గట్టిపడి ఉంది. ఎప్పుడు మార్చారన్నయ్యా అని అడిగితే "దాన్ని కూడా మార్చాలా?" అన్నాడు.

ఇక్కడ కొన్ని అంకెలు చెప్పకపోతే నా ఇంజనీరింగు దండగ. 20 సెంటీమీటర్ల వెడల్పున్న మూత వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరుకీ 1 కిలో. అంటే మీ కుక్కర్ మూతని లోపల్నుంచి 314 కిలోల బలం పైకి తోస్తోంది, ప్రతిరోజూ, మామూలుగా పనిచేస్తున్నప్పుడే. నలుగురు మనుషులు లోపల్నుంచి తంతున్నట్టు. దాన్ని ఆపుతున్నవి మూత అంచూ, ఆ పట్టు కొక్కేలూ. ఇక 120 డిగ్రీల నీళ్ళకి మూత ఊడిపోయిందనుకోండి, ఆ నీళ్ళు అలా ఉండలేవు, 100కి దిగాలి, దిగడానికి కొంత భాగం అక్కడికక్కడే ఆవిరైపోవాలి. ఒక లీటరు నీళ్ళకి దాదాపు 60 లీటర్ల ఆవిరి, రెప్పపాటులో. ఈ రెండు అంకెలూ తెలిసినవాడెవడూ అట్లకాడ దూర్చి మూత ఊడదీయడు, "టైమైపోతోంది" అని వెయిట్‌ని చెంచాతో ఎత్తడు.

మరి ఏం చూసుకోవాలి? చూసుకోవాల్సింది చాలా తక్కువ, అదే బాధ. మూత పెట్టేముందు ప్రతిసారీ గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి చూడాలి, ఆవల కనపడకపోతే సన్నటి పిన్నీసుతో పొడిచి కుళాయి కింద కడగాలి. రెండు సెకన్ల పని. పప్పయినా అన్నమైనా కుక్కర్‌లో సగానికి మించి పోయకూడదు, మిగతావైతే మూడింట రెండు వంతులు. పప్పులో ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది. గొట్టంలోంచి ఆవిరి ధారగా రావడం చూశాకే వెయిట్ పెట్టాలి. ఇందులో రెండు లాభాలు. గొట్టం తెరిచే ఉందని కళ్ళారా చూస్తాం, లోపలి గాలి బయటికి పోతుంది. గాలి మిగిలిపోతే అదే ఒత్తిడిలో వేడి తక్కువ ఉంటుంది. ముందే వెయిట్ పెట్టేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళు ఈ రెండూ పోగొట్టుకుంటున్నారు.

రబ్బరు విషయంలో మన దగ్గర ఒక చిట్కా ప్రచారంలో ఉంది, వదులైన రబ్బరుని ఫ్రీజర్లో పెట్టి తీస్తే బిగుస్తుందని. బిగుస్తుంది, ఆ పూటకి. రేపు మళ్ళీ పెట్టాలి. రబ్బరు మీకు రాజీనామా ఇచ్చేసింది, మీరు నోటీసు పీరియడ్‌లో పని చేయించుకుంటున్నారన్నమాట. వందో రెండొందలో పడేసి కొత్తది కొనండి. వాడాక రబ్బరు తీసి కడిగి ఆరబెట్టాలి, కుక్కర్‌కి మూత బిగించి దాచకూడదు. పిడి స్క్రూలు నెలకోసారి బిగించుకోవాలి. అంచు సొట్టపోయిన కుక్కర్‌ని సుత్తితో సరిచేయించి వాడటం లాంటివి వద్దు, ఆ 314 కిలోలు ఆగేది ఆ అంచు మీదే. అల్యూమినియం లోపల నల్లబడితే కంగారక్కర్లేదు, అడుగు నీళ్ళలో ఒక నిమ్మచెక్కో పిప్పి చింతపండో వేస్తే సరిపోతుంది.

ఒక కంపెనీ వెయిట్ ఇంకో కంపెనీ కుక్కర్‌కి పెట్టకూడదు. ఎందుకో పైన సూత్రంలోనే ఉంది, బెజ్జం వైశాల్యం వేరైతే అదే బరువు వేరే ఒత్తిడి దగ్గర లేస్తుంది. "సరిగ్గా పట్టింది కదా" అంటారు. పట్టడం వేరు, సరైన ఒత్తిడి దగ్గర లేవడం వేరు.

సేఫ్టీ వాల్వ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలా కుక్కర్లలో అది తక్కువ వేడికే కరిగే లోహపు బిళ్ళ. గొట్టం మూసుకుపోయినా, నీళ్ళు ఇగిరిపోయినా వేడి హద్దు దాటుతుంది, బిళ్ళ కరిగి దారి ఇస్తుంది. ఫ్యూజు లాంటిదన్నమాట, ఒక్కసారి పనిచేసి చచ్చిపోతుంది. మనవాళ్ళు ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టే రకం కాబట్టి ఇక్కడా అదే తెలివి. పక్కింటివాళ్ళ వాల్వ్ మార్చడానికి నేనే వెళ్ళాను. మా వీధి చివర సామాన్ల కొట్టతను డబ్బాలో చెయ్యి పెట్టి, పేరూ ఊరూ లేని బిళ్ళ ఒకటి తీసి ఇరవై రూపాయలన్నాడు. "ఏ కంపెనీది బాబూ" అంటే "అన్నిటికీ పడుతుంది సార్" అన్నాడు. అది ఎంత వేడి దగ్గర కరుగుతుందో, అసలు కరుగుతుందో లేదో వాడికీ తెలీదు, నాకూ తెలీదు. కంపెనీది వెతికి కొన్నాను, పెద్ద ధరేమీ కాదు.

ఇది కొత్త రోగం కూడా కాదు. ప్రెస్టీజ్ కుక్కర్లకి గ్యాస్కెట్ రిలీజ్ సిస్టమ్ ఎలా వచ్చిందో ఆ కంపెనీకి ఒకప్పుడు అధిపతిగా ఉన్న టి.టి.జగన్నాథన్ చెప్పిన కథ ఉంది. కుక్కర్లు పేలుతున్నాయని ఫిర్యాదులొస్తే ఆరా తీశారట. తేలిందేమిటంటే జనం నకిలీ సేఫ్టీ ప్లగ్గులు వేసుకుంటున్నారు, అవి కరగాల్సినప్పుడు కరగడం లేదు. జనాన్ని మార్చలేమని మూత అంచుకి ఒక చీలిక పెట్టారు. ఒత్తిడి మరీ పెరిగితే రబ్బరు ఆ చీలికలోంచి ఉబికి ఆవిరిని కిందకి వదిలేస్తుంది. మూత అంచుకున్న ఆ సందు ఎందుకో తెలీకుండానే మనం రోజూ దాన్ని పీచుతో తోముతున్నాం. యూజర్ ఏం చేస్తాడో ముందే ఊహించి డిజైన్ చేయడం అంటే అదీ.

ప్రభుత్వం కూడా 2021 ఫిబ్రవరి నుంచి ఇంటి కుక్కర్లకి ఐ.ఎస్. 2347 ప్రమాణం, ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసింది. అయినా గుర్తు లేనివి అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల సంస్థ అమెజాన్‌కీ, ఫ్లిప్‌కార్ట్‌కీ చెరో లక్ష జరిమానా వేసింది. లక్ష వాళ్ళకి టీ ఖర్చు కూడా కాదు గానీ, కొన్నవాళ్ళకి కబురంపి డబ్బు వెనక్కివ్వమని కూడా అంది. పెళ్ళికి బహుమతిగా వచ్చిన కుక్కర్ మీ ఇంట్లో ఉంటే ఒకసారి తిరగేసి ఆ గుర్తు ఉందో లేదో చూడండి.

ఇంతకీ ఇవన్నీ ఎవరి పని? ఇక్కడికొచ్చేసరికి మగవాళ్ళందరూ ఫోన్ చూసుకుంటారు. బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలో కిలోమీటర్లతో సహా చెబుతారు. ఏసీ సర్వీసింగు మర్చిపోరు. రోజూ మూడొందల కిలోల బలాన్ని బిగబట్టుకుని కూర్చునే యంత్రం మాత్రం "ఆడవాళ్ళ డిపార్ట్‌మెంటు". భార్యని ప్రేమించేవాడు ప్రెస్టీజ్‌ని ఎలా కాదంటాడు అని ఒకప్పుడు హిందీలో ప్రకటన ఉండేది. అంటే కొనిచ్చేస్తే ప్రేమ అయిపోయింది. రబ్బరు మార్చడం, గొట్టం పొడవడం ఆ ప్రేమలో లేవు. ఇలా అన్నప్పుడల్లా మా టీమ్‌లో పెళ్ళైనవాళ్ళు "నీకూ పెళ్ళవనీ, అప్పుడు చూద్దాం" అంటారు. చూడండి, నాకేం అభ్యంతరం లేదు. రబ్బరు నేనే మారుస్తా :)

"ఈ బాధలన్నీ ఎందుకు, ఇన్‌స్టంట్ పాట్ కొనేస్తే పోలా" అని సియాటిల్ నుంచి మా కజిన్ సలహా. కొనుక్కోండి. మంచి వస్తువే. కానీ ఒకటి గమనించారా, దానికి విజిలే లేదు. దాన్ని కొన్న రోజు నుంచీ మా కజిన్ పప్పుకి ఎన్ని నిమిషాలు పెట్టాలో నోరు మూసుకుని నేర్చుకున్నాడు. ఆ నిమిషాలే గ్యాస్ స్టవ్ మీద నేర్చుకోమంటే ఇన్నేళ్ళూ నాతో వాదించాడు. పైగా దాంట్లోనూ ఒక రబ్బరుంది, ఒక గొట్టం ఉంది, అవీ కడగాలి. అడిగితే "డిష్‌వాషర్ ఉందిగా" అన్నాడు. గొట్టానికి లోపల వైపున్న చిన్న జాలీని ఎప్పుడైనా తీశావా అంటే లైన్ సరిగా లేదన్నాడు.

చివరిగా వంటల వీడియోలు చేసే అమ్మలకీ అన్నలకీ ఒక డిమాండు. కొత్తగా ఊరొదిలి ఉద్యోగానికొచ్చిన కుర్రాళ్ళు, అమ్మాయిలు మిమ్మల్ని చూసే వండుకుంటున్నారు. "మీడియం ఫ్లేమ్‌లో నాలుగు విజిల్స్" అని చెప్పి వాళ్ళని గాలికొదిలేయకండి. కుక్కర్ ఎన్ని లీటర్లదో చెప్పండి, పప్పు నానబెట్టారో లేదో చెప్పండి, ఒత్తిడి వచ్చాక సిమ్‌లో ఎన్ని నిమిషాలో చెప్పండి. పావు చెంచా ఇంగువని అంత జాగ్రత్తగా కొలిచి చూపిస్తారు కదా, ఇది ఆమాత్రం కష్టమా? ఆ మూత బిగించేముందు గొట్టాన్ని ఒకసారి ట్యూబులైటు వైపు పెట్టి కెమెరాకి కూడా చూపించండి.